ఏ పుస్తకమైనా స్వరాలు ఒకటే కావు

సంపాదకులకు నమస్కారములు.

చిత్తూరు సంఘాల్లో క్రిస్మస్ పాటల ప్రాక్టీసుల గురించి మీ పత్రిక జిల్లా పేజీలో గత వారం వచ్చిన వ్యాసాన్ని సంతోషంగా చదివాను. నాలుగు గొంతుల పాటను ఇంత శ్రద్ధగా పట్టించుకున్నందుకు మీకు కృతజ్ఞతలు. అయితే అందులో ఒక వాక్యం నన్ను నిలవనీయలేదు. హాండెల్, బాఖ్ వంటి సుమారు మూడు వందల ఏళ్ల కిందటి యూరప్ స్వరకర్తల పాటలకు ఏ స్వరలిపి పుస్తకం దొరికితే ఆ పుస్తకం తెచ్చుకోవచ్చని, ఎవరు అచ్చువేసినా స్వరాలు అవేనని ఆ వ్యాసం చెప్పింది. ముప్పయ్యొక్క ఏళ్లుగా ఈ ఊళ్లో ఒక క్వయర్‌కు పాట నేర్పుతున్నవాణ్ణి. తిరుపతిలో కొంతకాలం కర్ణాటక గాత్రం కూడా నేర్చుకున్నవాణ్ణి. ఆ అనుభవంతో చెబుతున్నాను, స్వరాలు అవే కావు. అవేనని నమ్మినందువల్ల మా క్వయర్ ఎంత నష్టపోయిందో నాకు తెలుసు కాబట్టే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కొన్నేళ్ల కిందట డిసెంబరు మొదటి శనివారం జరిగిన సంగతి ఇది. హాండెల్ 'మెసయ్య' అనే పెద్ద గాన కృతిలో, బైబిలు జెకర్యా గ్రంథం తొమ్మిదో అధ్యాయంలోని మాటలకు కట్టిన సోప్రానో (స్త్రీల పై గొంతు) పాట ఒకటుంది; సీయోనును ఉల్లసించమని పిలిచే పాట. మా క్వయర్‌లో బాగా పాడగలిగిన ఒక అమ్మాయి దానిని రెండు నెలలు ఇంట్లో సాధన చేసి వచ్చింది. కీబోర్డు వాయించే తమ్ముడు తనకు దొరికిన జిరాక్సు కాగితాలతో తానూ అంతే శ్రద్ధగా సిద్ధమై వచ్చాడు. ఇద్దరూ మొదలుపెట్టారు. రెండో బారుకే, అంటే రెండో తాళావర్తానికే, పాట ఒక దారి, వాద్యం ఒక దారి అయ్యాయి. అమ్మాయి పుస్తకంలో బారుకు నాలుగు దెబ్బలు, ఒక్కో దెబ్బకు రెండు, నాలుగు చొప్పున విడే స్వరాలు. తమ్ముడి కాగితంలో బారు మొదట పన్నెండు, ఎనిమిది అంకెలు, ఒక్కో దెబ్బకు మూడేసి స్వరాలు. మన మాటల్లో చెప్పాలంటే ఒకరు చతురశ్ర గతిలో, మరొకరు తిశ్ర గతిలో ఉన్నారు. ఇద్దరిదీ ఒకే పాట, ఇద్దరి కాగితం మీదా హాండెల్ పేరే. తప్పు నాదేనేమోనని ఆ పిల్ల కళ్లనీళ్లు పెట్టుకుంది. తప్పు ఆమెది కాదు, ఆ తమ్ముడిదీ కాదు. ఆ పాటకు రెండు రూపాలున్నాయని వారికి ముందుగా చెప్పని నాది. నాకూ ఆ రోజు వరకు తెలియదు.

రెండు రూపాలూ హాండెల్‌వే. ఆయన 'మెసయ్య'ను 1741 ఆగస్టు 22న మొదలుపెట్టి సెప్టెంబరు 14న ముగించాడు. లెక్కకు ఇరవై నాలుగు రోజులు. అప్పుడు ఆ సోప్రానో పాటను తిశ్ర గతిలో రాశాడు. మొదటి ప్రదర్శన 1742 ఏప్రిల్ 13న డబ్లిన్‌లో జరిగింది. ఆ తర్వాత ఆయన బతికి ఉన్నంతకాలం ఎప్పుడు ఏ గాయకులు దొరికితే వారి గొంతుకు తగినట్టు కొన్ని పాటలను మార్చుకుంటూ వచ్చాడు. ఈ పాటను చతురశ్రానికి తిప్పి రాశాడు. 'ఆయన వచ్చు దినమును ఎవరు సహింపగలరు' అనే అర్థం వచ్చే పాటను 1750లో గ్వాదాన్యీ అనే ఆల్టో (సోప్రానో కింది గొంతు) గాయకుడి కోసం కొత్తగా కట్టాడు. అపొస్తలుల స్వరం లోకమంతటా వ్యాపించిందని చెప్పే కోరస్, అంటే అందరూ కలిసి పాడే పాట, డబ్లిన్ ప్రదర్శనలో లేనే లేదు. అది 1745 నాటి లండన్ ప్రదర్శనలకు వచ్చింది. ఆయన చేతిరాత ప్రతి లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. దాన్ని చూసి స్మిత్ అనే లేఖకుడు రాసిన ప్రతిని హాండెల్ ప్రదర్శనలు నడపడానికి వాడుకున్నాడు. అది ఆక్స్‌ఫర్డ్‌లోని బోడ్లియన్ లైబ్రరీలో ఉంది. ఆ ప్రతి అంచుల్లో ఏ పాట ఎవరు పాడాలో గాయకుల పేర్లు రాసి ఉన్నాయి. ఆ పేర్లను పట్టుకుని ఏ మార్పు ఏ ఏడాదిదో పండితులు నిర్ణయించగలిగారు. ఆయన వీలునామా అనుబంధం ప్రకారం లండన్ అనాథ శిశువుల ఆసుపత్రికి ఒక శుద్ధప్రతి, గాయకులకు వాద్యగాళ్లకు విడివిడిగా రాసిన కాగితాలు చేరాయి. అంటే మన చేతికి వచ్చే ఏ అచ్చుపుస్తకమైనా ఈ ప్రతులన్నింటి నుంచి ఎవరో ఒకరు ఎంచి కూర్చినదే. ఆ కూర్చినవారు తాము ఏది ఎక్కడి నుంచి తీసుకున్నారో చెబితే అది పండితుల ప్రతి అవుతుంది. చెప్పకపోతే, ఎంత అందంగా అచ్చయినా, నా లాంటి శిక్షకుడికి అది కళ్లకు గంత కట్టడమే.

ఇందులో రెండో పొర ఒకటుంది, నాకు ఎక్కువ బాధ కలిగించింది అదే. యెహోవా మహిమ గురించిన మొదటి కోరస్‌లో ఒకచోట స్వరం క్రమంగా పెరగాలని సూచించే గుర్తు, పడుకోబెట్టిన 'వి' అక్షరంలాంటిది, మా పాత పుస్తకంలో ఉండేది. హాండెల్ గారు ఇక్కడ ఇలా కోరారని ఇరవై ఏళ్లు పిల్లలకు నేర్పాను. అక్కడ గొంతు పెంచకపోతే కోప్పడ్డాను కూడా. తర్వాత ఒక మంచి పరిష్కృత ప్రతి, అంటే పైన చెప్పిన పండితుల ప్రతి, చేతికి వచ్చి అదే బారు తిప్పి చూస్తే అక్కడ ఏ గుర్తూ లేదు. ఆ గుర్తు పెట్టింది హాండెల్ కాదు, ఆయన పోయిన వందేళ్లకు పైబడిన తర్వాత వచ్చిన పరిష్కర్త. ఆ కాలపు చేతిరాత ప్రతుల్లో గట్టిగా, మెల్లగా అని చెప్పే గుర్తులే చాలా తక్కువ. అవి గాయకుల తెలివికి, అక్షరాల అర్థానికి వదిలిన విషయాలు.

ఆ పాత పరిష్కర్తలను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. 1784లో వెస్ట్‌మినిస్టర్ అబ్బేలో హాండెల్ స్మారకంగా జరిగిన ప్రదర్శనలో 500 మందికి పైగా పాల్గొన్నారు. 1789లో మోజార్ట్ ఈ కృతికి మరిన్ని గాలి వాద్యాలు చేర్చి జర్మన్ మాటలతో తన కాలానికి తగ్గట్టు తిరగరాశాడు. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండులో ఊరూరా వందల గొంతులతో పాడేవారు. అంతమందిని ఒక తాటి మీద నడపడానికి వేగం అంకెలు, గట్టి మెల్ల గుర్తులు కావలసివచ్చాయి, చేర్చారు. ఎబెనేజర్ ప్రౌట్ అనే పరిష్కర్త 1902లో వెలువరించిన ప్రతి అలాంటి అవసరాల్లోంచి పుట్టింది. మన దక్షిణాది సంఘాలకు మిషనరీల కాలం నుంచి వచ్చిన పుస్తకాలు చాలావరకు ఆ తరహావే, మన తాతలు పాడింది వాటితోనే. చిక్కు ఎక్కడంటే, పాడే వాడికి చేర్చిన గుర్తుకూ, స్వరకర్త రాసిన గుర్తుకూ ఆ పుటల మీద తేడా కనిపించదు. రెండూ ఒకే సిరా, ఒకే పరిమాణం. 1959లో వాట్కిన్స్ షా అనే పరిష్కర్త గాత్ర ప్రతి వచ్చాక ఇంగ్లిషు క్వయర్లలో ఈ తేడాను కంటితో చూసే వీలు కలిగింది. చిత్తూరులో మా చేతికి అది రావడానికి మరెన్నో ఏళ్లు పట్టింది.

ఇంతకూ పండితులు పాడుకోవడానికి వీలుగా సిద్ధం చేసే ప్రతి అంటే ఏమిటో మీ పాఠకులకు కాస్త వివరించాలి, ఎందుకంటే పండితుల ప్రతి అనగానే అది బీరువాలో పెట్టుకునేదని, పాడేవారికి పనికిరాదని ఒక అపోహ ఉంది. బాఖ్ కాలంలో సోప్రానో, ఆల్టో, టెనార్ గొంతులకు ఒక్కోదానికి వేరే వేరే స్థానంలో నిలిచే పాత కీలక చిహ్నాలు (ఏ గీత ఏ స్వరమో చెప్పే గుర్తులు, ఇంగ్లిషులో క్లెఫ్) వాడేవారు. ఈనాటి గాయకుడు వాటిని చదవలేడు. పరిష్కర్త వాటిని మనకు అలవాటైన చిహ్నాల్లోకి మారుస్తాడు, అయితే పాట మొదట్లో చిన్న గీతల మీద అసలు చిహ్నం ఎలా ఉండేదో చూపిస్తాడు. అడుగు స్వరం కింద అంకెలు మాత్రమే వేసి, మీది స్వరాలను వాయించేవాడి మనోధర్మానికి వదలడం ఆనాటి పద్ధతి. ఇప్పటి ఆర్గన్ వాద్యకారుడికి ఆ విద్య లేకపోవచ్చు కాబట్టి పరిష్కర్త ఆ స్వరాలను నింపి ఇస్తాడు, కానీ చిన్న అక్షరాల్లో అచ్చువేస్తాడు. తాను చేర్చిన కలుపు గీతను చుక్కల గీతగా వేస్తాడు. తాను చేర్చిన మాటను వాలు అక్షరాల్లోనో, బ్రాకెట్లలోనో పెడతాడు. చివర్లో గాని, వేరే సంపుటంగా గాని ఒక నివేదిక ఇస్తాడు. ఫలానా బారులో ఫలానా ప్రతి ఇలా చదువుతోంది, ఇంకో ప్రతి అలా చదువుతోంది, నేను దీన్ని తీసుకున్నాను, కారణం ఇది అని ఒప్పుకోలు చేస్తాడు. మన తాళపత్ర పరిష్కర్తలు పుట అడుగున పాఠాంతరాలు ఇచ్చే పద్ధతే ఇది. పాడేవాడికి పుట శుభ్రంగా ఉంటుంది, ప్రశ్న వచ్చినవాడికి జవాబు దొరుకుతుంది.

ఆ జవాబు కోసం పండితులు ఎంత శ్రమ పడతారో తెలిస్తే ఆ పుస్తకాన్ని చేతిలోకి తీసుకునే తీరే మారుతుంది. బాఖ్ కట్టిన పెద్ద ఆరాధన కృతి 'బి మైనర్ మాస్' సంగతే చూడండి. అందులో 'కీరియే', 'గ్లోరియా' భాగాలను ఆయన 1733లో డ్రెస్డెన్ ప్రభువుకు సమర్పించాడు. తానూ కుటుంబ సభ్యులూ కలిసి రాసిన కాగితాల కట్ట ఆ ఊరి గ్రంథాలయంలో ఇప్పటికీ ఉంది. మిగతాది జీవితం చివరి సంవత్సరాల్లో, 1748-49 ప్రాంతంలో, పూర్తిచేశాడు. ఆ పూర్తి చేతిరాత ప్రతి బెర్లిన్ గ్రంథాలయంలో ఉంది. ఆయన వాడిన ఇనుప సిరా కాగితాన్ని తినేస్తూ వచ్చింది. కొన్ని పుటల్లో స్వరపు తల ఉన్నచోట చిల్లు ఉంది. అది చాలదన్నట్టు, తండ్రి పోయాక కొడుకు కార్ల్ ఫిలిప్ ఎమ్మానుయేల్ 1786లో హాంబర్గ్‌లో 'క్రేదో' భాగాన్ని ప్రదర్శించే సందర్భంలో అదే ప్రతి మీద దిద్దుబాట్లు చేశాడు. ఏ గీత తండ్రిది, ఏ గీత కొడుకుది? 1954లో ఫ్రీడ్రిఖ్ స్మెండ్ వెలువరించిన పరిష్కృత ప్రతిలోని నిర్ణయాలను తోటి పండితులు తర్వాత తప్పుపట్టారు. 2010లో ఉవె వోల్ఫ్ దానిని మళ్లీ పరిష్కరించినప్పుడు అనుమానం ఉన్నచోట్ల ఎక్స్‌రే కాంతి పంపి, సిరాలోని లోహాల పాళ్లు కొలిచి తండ్రి సిరానూ కొడుకు సిరానూ వేరుచేశారు. ఒక స్వరం ఎవరిదని తెలుసుకోవడానికి ఇంత పని! ఈ మాట మా క్వయర్ పిల్లలకు చెప్పినప్పుడు గదిలో కొంతసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆ తర్వాత వారు ఆ పుట మీద వేలు పెట్టి చదివిన తీరు వేరు.

కాగితంలోని నీటిగుర్తులు, లేఖకుల చేతిరాతలు పోల్చి ఆల్ఫ్రెడ్ డ్యూర్, గియోర్గ్ ఫాన్ డాడెల్సెన్ అనే ఇద్దరు 1950ల చివర్లో బాఖ్ ఆరాధన పాటల కాలక్రమాన్నే మార్చివేశారు. ఏళ్ల తరబడి నెమ్మదిగా రాశాడనుకున్న పాటల్లో ఎక్కువ భాగం 1723లో లైప్‌ట్సిగ్‌కు వచ్చిన మొదటి కొన్ని ఏళ్లలోనే, వారం వారం ఆదివారపు ఆరాధన కోసం, ఊపిరి తిరగకుండా రాశాడని తేలింది. ఆదివారానికి పాట సిద్ధం చేయడమంటే ఏమిటో తెలిసిన మాకు ఈ మాట మనసుకు తగులుతుంది. 1851లో మొదలై దాదాపు యాభై ఏళ్లు సాగిన మొదటి బాఖ్ సమగ్ర కృతుల సంపుటాలకూ, 1954 నుంచి 2007 దాకా వచ్చిన కొత్త సంపుటాలకూ ఉన్న తేడా ఇలాంటి శ్రమ వల్లనే వచ్చింది. వివాల్డి అనే ఇటలీ స్వరకర్త కట్టిన 'గ్లోరియా' అయితే రెండు వందల ఏళ్లు ఎవరికీ తెలియక, ఆయన చేతిరాత ప్రతులు 1920ల్లో బయటపడి టురిన్ గ్రంథాలయానికి చేరాక, 1939లో సియెనాలో మళ్లీ వినిపించింది. దానిని అప్పుడు అల్ఫ్రెదో కసెల్లా అనే స్వరకర్త తన చేత్తో చాలా సవరించి వినిపించాడు. ఆ సవరణలు లేని రూపం ఈనాడు దొరుకుతుంది కాబట్టి దానినే వాడండని ఇక్కడితో ఆపుతాను.

ఇదంతా ఎక్కడో జర్మనీ సంగతి, మనకెందుకని అనుకునేవారు తిరుపతి జిల్లా, చిత్తూరు జిల్లా పాఠకుల్లో ఉండరని నా నమ్మకం. అన్నమాచార్యుల సంకీర్తనలున్న రాగిరేకులు మన కొండ మీదనే కదా బయటపడ్డాయి. 32,000 సంకీర్తనలు రచించారని చెబితే దొరికినవి అందులో సగం కూడా కావు. రేకు మీద రాగం పేరు ఉంది, సాహిత్యం ఉంది, స్వరం లేదు. వేటూరి ప్రభాకర శాస్త్రి గారు, ఆ తర్వాత రాళ్లపల్లి అనంతకృష్ణ శర్మ గారు ఆ రేకుల లిపిని, లేఖక దోషాలను, పదాల విరుపును తేల్చడానికి ఏళ్లు వెచ్చించారు. రాళ్లపల్లి వారు కొన్ని పాటలకు తామే వరుసలు కట్టి స్వరలిపితో అందించారు. సాహిత్యం అన్నమయ్యది, వరుస నాది అని చెప్పడంలో ఆయన గౌరవం తగ్గలేదు, పెరిగింది. ఈనాడు కచేరీలో పాట మొదలుపెట్టే ముందు స్వరకల్పన ఫలానావారిదని గాయకులు చెప్పినప్పుడు సభలో కూర్చున్న మనకు ఏది ఆరు వందల ఏళ్ల నాటిదో, ఏది మన కాలానిదో తెలిసిపోతుంది. హాండెల్ పుస్తకం నుంచి నేను కోరేది సరిగ్గా ఆ నిజాయితీనే. రేకుల భాషను అంత జాగ్రత్తగా చూసుకున్న ఊరికి పక్కనే ఉండి, బాఖ్ కాగితాన్ని జిరాక్సుకు జిరాక్సు తీసి, మూడో తరం కాపీలో షార్ప్ గుర్తు చెరిగిపోయినా పట్టించుకోకుండా పాడడం నాకు సమ్మతం కాదు.

తెలుగులో పాడే సంఘాల విషయంలో ఈ జాగ్రత్త రెండింతలు కావాలి. యెషయా నలభయ్యో అధ్యాయంలోని 'యెహోవా మహిమ బయలుపరచబడును' అన్న మాటలను ఇంగ్లిషు మాటల స్థానంలో పెట్టిన కాగితం ఒకటి మా దగ్గర చాలాకాలం తిరిగింది. ఎవరు పెట్టారో దాని మీద లేదు. అందులో 'యె' అక్షరం దీర్ఘమైన స్వరం మీద పడింది, 'హో' అక్షరం పొట్టి స్వరం మీద ఇరుక్కుంది. పాడినప్పుడల్లా 'యేహొవా' అని వినిపించేది. పురుషోత్తమ చౌదరి గారి తెలుగు క్రైస్తవ కీర్తనల మీద పెరిగిన మా పెద్దలకు అది చెవిలో ముల్లులా ఉండేది. వారు పాడుతూ పాడుతూ తమంతట తామే అక్షరం జరుపుకునేవారు, కొత్త పిల్లలు కాగితం ప్రకారం పాడేవారు, ఒకే వరుసలో రెండు పలుకులు వచ్చేవి. ఆనాటి ప్రతుల్లో అసలు మాటలు కూడా ప్రతి స్వరం కింద పూర్తిగా ఉండవు. మళ్లీ వచ్చే మాటకు ఒక గుర్తు వేసి వదిలేస్తారు. ఏ అక్షరం ఏ స్వరం కింద పడాలో తేల్చడం పరిష్కర్త పనిలో పెద్ద భాగం. తెలుగులోకి తెచ్చేటప్పుడు గురులఘువులు తెలిసినవారు, స్టాఫ్ నొటేషన్ (అయిదు గీతల మీద రాసే పాశ్చాత్య స్వరలిపి) చదవగలిగినవారు పక్కపక్కన కూర్చుంటే తప్ప అది కుదరదు. మొదటి రకం వారు తిరుపతి విశ్వవిద్యాలయాల తెలుగు శాఖల్లో కావలసినంతమంది ఉన్నారు. రెండో రకం వారు చిత్తూరు, మదనపల్లె, పలమనేరు సంఘాల్లో ఉన్నారు; డో రే మీ అక్షరాలతో, సోల్ఫా పద్ధతిలో నాలుగు గొంతులూ చూసి పాడగల పెద్దలు ఇంకా కొందరు మిగిలారు. వీరిద్దరినీ ఒక బల్ల దగ్గర కూర్చోబెట్టి ఒక్క కోరస్‌ను, ఒక్కదాన్నైనా, తెలుగు మాటలతో, స్టాఫ్‌లోనూ సోల్ఫాలోనూ, ఎవరు ఏమి మార్చారో చెప్పే ఒక చిన్న పీఠికతో సిద్ధం చేయించమని ఇక్కడి సంగీత, సాహిత్య సంస్థలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పెద్దల వయసు దృష్ట్యా ఇది వాయిదా వేయదగిన పని కాదు.

ఖర్చు మాట నాకు తెలియనిది కాదు. మంచి ప్రతులు విదేశాల నుంచి రావాలి. ఒక్కో పుస్తకం వెల మా గాయకుల్లో చాలామందికి రోజు కూలిని మించుతుంది. అందరికీ తలా ఒకటి కొనమని నేను అనడం లేదు. శిక్షకుడి చేతిలో, వాద్యకారుడి చేతిలో ఒక్కొక్కటి ఉంటే చాలు, అది కూడా సంఘం లెక్కలో కొనవలసినదే గాని ఒక్కరి జేబు మీద వేయవలసినది కాదు. మిగతా వారి దగ్గర హక్కుల గడువు తీరిన పాత ప్రతులు ఉన్నా, వాటిని ఆ మంచి ప్రతితో పోల్చి పెన్సిలుతో దిద్దుకోవచ్చు. ఈ ఊరి గ్రంథాలయాల్లో, సంగీత కళాశాలలో 'మెసయ్య', 'బి మైనర్ మాస్', 'గ్లోరియా' ఈ మూడింటికైనా నివేదికతో కూడిన ప్రతి ఒక్కొక్కటి పెడితే జిల్లాలోని క్వయర్లన్నీ వచ్చి చూసుకుంటాయి. క్రిస్మస్ ఆరాధన కరపత్రంలో పాట పేరు పక్కన స్వరకర్త పేరు వేస్తున్నట్టే, ఏ ప్రతి నుంచి పాడుతున్నామో, పరిష్కర్త ఎవరో కూడా ఒక వరుసలో వేయమని సంఘ కాపరులైన అయ్యగార్లకు నా మనవి. దానికి ఖర్చేమీ లేదు.

మా క్వయర్ నిరుడు వేసవిలో నాలుగు శనివారాలు ఈ దిద్దుబాటు పనికే కేటాయించింది. పాత పుస్తకంలో స్వరకర్తవి కాని గుర్తులన్నింటికీ పెన్సిలుతో సున్నా చుట్టాము. ఇష్టమైతే పాటించవచ్చు, కానీ అది మన నిర్ణయమని తెలిసి పాటించాలని చెప్పాను. సోప్రానో పాట రెండు రూపాలూ ఒకే ఫైలులో పెట్టాము. ఆనాడు కళ్లనీళ్లు పెట్టుకున్న అమ్మాయి ఇప్పుడు తిశ్ర గతిలోని మొదటి రూపాన్ని ఎంచుకుని పాడుతోంది, అది తన గొంతుకు తేలికగా ఉందట. మా దిద్దిన ప్రతిని చూడదలచిన ఏ సంఘం క్వయర్ శిక్షకులైనా తమ దగ్గరున్న పుస్తకం ఏదైనా సరే వెంట తీసుకుని, శనివారం సాయంత్రం ప్రాక్టీసు వేళకు రావచ్చు. రెండూ పక్కపక్కన పెట్టుకుని చూద్దాం.

భవదీయుడు,
ఒక క్వయర్ శిక్షకుడు,
చిత్తూరు.